గురుడి చుట్టూ వంకాయ రంగు

2024 డిసెంబరు మొదటి వారం. గురుడు వృషభ రాశిలో, అర్ధరాత్రి అయ్యేసరికి దాదాపు నడినెత్తికి వచ్చేస్తున్నాడు. డాబా మీద నా 120 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్ (లెన్స్ టెలిస్కోప్) పెట్టి, కన్ను ఆనించే చోట 6 మిల్లీమీటర్ల ఐపీస్ వేసి, మా అమ్మాయిని లేపి తీసుకొచ్చాను. చాలాసేపు చూసింది. తర్వాత కన్ను తీయకుండానే "నాన్నా, చారలు కనిపిస్తున్నాయి, కానీ చుట్టూ ఆ వంకాయ రంగేంటి?" అంది.

ఆ రంగు నాకు కొత్త కాదు. ఈ టెలిస్కోప్ కొన్న రోజు నుంచి చూస్తున్నదే, కాకపోతే అలవాటైపోయి పట్టించుకోవడం మానేశాను. పదకొండేళ్ల పిల్లకి మాత్రం మొదట అదే కనపడింది. ఆ రాత్రి నుంచి ఈ చలికాలం దాకా, వీలైన ప్రతి తేటరాత్రీ ఏదో ఒక ఫిల్టర్ మార్చి చూస్తూ వచ్చాను. ఎవరికైనా ఇదే టెలిస్కోప్ ఉండి, ఆ రంగు చూసి టెన్షన్ పడి, దీన్ని అమ్మేసి లక్షలు పోసి అపోక్రోమాట్ (రంగుల్ని దాదాపు పూర్తిగా కలిపే ఖరీదైన లెన్స్ టెలిస్కోప్) కొనాలేమో అనుకుంటుంటే, దయచేసి ముందు ఇది చదవండి.

అసలు ఆ రంగు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిస్తే ఏ ఫిల్టర్ ఎందుకు పనిచేస్తుందో దానంతట అదే అర్థమవుతుంది. గాజు అన్ని రంగుల్నీ ఒకేలా వంచదు, ఎరుపుని తక్కువ, నీలాన్ని ఎక్కువ, ఊదాని ఇంకా ఎక్కువ వంచుతుంది. ఒంటి లెన్స్ ఉన్న కాలంలో ఈ బాధ తప్పించుకోవడానికి టెలిస్కోప్‌ని పొడుగు చేసుకుంటూ పోయారు, 17వ శతాబ్దంలో హెవేలియస్ అనే ఖగోళ శాస్త్రవేత్త డాంజిగ్‌లో కట్టింది 150 అడుగుల పొడవు. న్యూటన్ అయితే ఈ రంగు లెన్స్‌తో పోయేది కాదని తేల్చుకుని 1668లో అద్దం టెలిస్కోప్ చేసుకున్నాడు. ఆ తర్వాత చెస్టర్ మూర్ హాల్ క్రౌన్ గాజు, ఫ్లింట్ గాజు జత చేస్తే రంగులు చాలావరకు కలిసిపోతాయని కనిపెట్టాడు, 1758లో జాన్ డాలండ్ దానికి పేటెంట్ తీసుకున్నాడు. మన దగ్గరున్న మామూలు రిఫ్రాక్టర్లన్నీ ఇప్పటికీ ఆ జత లెన్స్‌లే. ఆక్రోమాట్ అంటే అదే.

కానీ ఆ జత రెండు రంగుల్నే ఒకచోటికి తెస్తుంది. సాధారణంగా 656 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎరుపునీ, 486 నానోమీటర్ల నీలాన్నీ కలుపుతారు. మధ్యలో ఉన్న ఆకుపచ్చ-పసుపు వాటికంటే కొంచెం ముందే కలుస్తుంది. ఆ తేడా ఫోకల్ లెంత్‌లో, అంటే లెన్స్ నుంచి బొమ్మ పడే చోటికి ఉన్న దూరంలో, సుమారు రెండు వేలో వంతు. నాది 1000 మిల్లీమీటర్ల ఫోకల్ లెంత్, కాబట్టి అర మిల్లీమీటరు. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ నా లెన్స్ ఎఫ్ నిష్పత్తి, అంటే ఫోకల్ లెంత్‌ని లెన్స్ వెడల్పుతో భాగిస్తే వచ్చేది, 8.3. ఆ ఎఫ్/8.3 దగ్గర బొమ్మ పదునుగా ఉండే జాగా అటూ ఇటూ కలిపి 0.15 మిల్లీమీటర్లే. అంటే నేను పచ్చకాంతికి ఫోకస్ చేసిన చోట, ఎరుపూ నీలమూ ఒక నక్షత్రాన్ని దాని అసలు చుక్క కంటే ఐదింతల వెడల్పు మచ్చగా పరుస్తున్నాయన్న మాట. ఊదా రంగు నీలం కంటే కూడా ఇంకా దూరం జరుగుతుంది, దాని మచ్చ మరింత పెద్దది. ఈ ఫోకస్ తప్పిన ఎరుపు, నీలం, ఊదా మూడూ కలిసిన రంగే మా అమ్మాయి చూసిన వంకాయ రంగు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. పగటి వెలుతురుకి అలవాటైన కన్ను 555 నానోమీటర్ల దగ్గర 100 మార్కుల చురుకుదనం చూపిస్తే, 430 నానోమీటర్ల ఊదా దగ్గర ఒక మార్కు చూపిస్తుంది, అంతే. అదే చీకటికి పూర్తిగా అలవాటైన కన్ను అయితే దాని శిఖరం 507కి జరిగి, 430 దగ్గర కూడా 20 మార్కుల దాకా ఉంటుంది. గురుణ్ణి, చంద్రుణ్ణి చూడడానికి అరగంట చీకట్లో కూర్చుని కళ్లు సిద్ధం చేసుకోవడం ఎందుకు? ఆ రాత్రులు నేను డాబా మెట్ల దగ్గర బల్బు వేసే ఉంచుతున్నాను. రంగు అంచు తగ్గినట్టు కనిపిస్తుంది, చారల మధ్య తేడాలు కూడా తేటగా తెలుస్తాయి. ఏ ఫిల్టరూ కొనకముందు చేయగలిగిన పని ఇది.

కొనకముందు చేయాల్సినవి ఇంకో రెండున్నాయి. కనిపించే ప్రతి రంగూ లెన్స్ తప్పు కాదు. 2025 జనవరిలో శుక్రుడు సాయంత్రం పడమట ధగధగలాడుతూ సగం చంద్రుడిలా ఉన్నప్పుడు, ఏడింటికి చూస్తే చుట్టూ అంతా ఒకేలా ఊదా వెలుగు కనిపించింది. ఎనిమిదిన్నరకి, బాగా కిందికి దిగాక చూస్తే పైన నీలం, కింద ఎరుపు. అది మన గాలి పనే, దిగువన ఉన్న గ్రహం నుంచి వచ్చే వెలుగు మందమైన గాలి పొరలోంచి వస్తూ పట్టకంలోంచి వచ్చినట్టు విడిపోతుంది. ఎంత ఖరీదైన టెలిస్కోప్ అయినా దానికి అతీతం కాదు. రెండోది ఐపీస్. గ్రహాన్ని మధ్యలో పెట్టి చూడండి, తర్వాత అంచుకి జరపండి. మధ్యలో లేని రంగు అంచులో మాత్రమే వస్తుంటే, ఇటు అంచులో ఒకలా అటు అంచులో తిరగబడి కనిపిస్తుంటే, ఐపీస్ మార్చుకోవాలి గానీ ఫిల్టర్ కొని లాభం లేదు. మధ్యలో పెట్టినా నాలుగు వైపులా సమంగా ఊదా వెలుగు ఉంటే మాత్రం అది ముందున్న లెన్స్‌దే.

ఇప్పుడు ఫిల్టర్లు. నేను మొదట కొన్నది ఒక సెట్, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు నాలుగూ ఉన్నది. దాంట్లో ఎరుపు గాజు మరీ నాసి, అది పెడితే చంద్రుడి మీద గుంటలన్నీ నీళ్లలోంచి చూసినట్టు మెత్తబడిపోయేవి, అమ్మినవాళ్లు తిరిగి తీసుకోలేదు. ఆ అనుభవంతో చెప్తున్నాను, సెట్లు కొనకండి. కావలసింది ఒక్కటే ఫిల్టర్, అది మంచి గాజుతో ఉండాలి.

ఆ ఒక్కటి రాటెన్ 8 నంబరు లేత పసుపు (రాటెన్ అంటే రంగు ఫిల్టర్లకి నంబర్లిచ్చే పద్ధతి). ఇది 465 నానోమీటర్ల కింద ఉన్నదాన్ని కోసేస్తుంది, మొత్తం వెలుగులో 83 శాతం దాకా వదులుతుంది. గురుడికి కాస్త పసుపు ఛాయ వస్తుంది, పాత పుస్తకం కాగితం రంగులా. కానీ ఊదా వెలుగు చాలావరకు పోతుంది. పోయాక మీకు తెలిసేది రంగు పోవడం కాదు, గ్రహం చుట్టూ ఆకాశం నల్లబడడం. అంతకుముందు ఉన్న ఆ పలచటి పొగ గ్రహం చుట్టూనే కాదు, గ్రహం మీద కూడా పరుచుకుని ఉందని అప్పుడు అర్థమైంది నాకు. గురుడి మధ్యరేఖకి అటూ ఇటూ ఉన్న పట్టీల అంచులు గీత గీసినట్టు వచ్చాయి. ఫిల్టర్ కొత్త వివరాలేమీ తెచ్చిపెట్టలేదు, లెన్స్ ముందునుంచీ ఇస్తున్న పదునైన పచ్చ-పసుపు బొమ్మ మీద కప్పిన ముసుగు తీసింది.

12 నంబరు ముదురు పసుపు 500 నానోమీటర్ల దాకా కోస్తుంది, వెలుగు 74 శాతానికి తగ్గుతుంది. ఊదా అంచు పూర్తిగా పోతుంది. చంద్రుడికి, ముఖ్యంగా వెలుగునీడల సరిహద్దు దగ్గర కొండల నీడలు చూడడానికి నాకు ఇదే ఇష్టం, చంద్రుడు ఎలాగూ బూడిద రంగే కాబట్టి పసుపైతే వచ్చిన నష్టమేమీ లేదు. గురుడికి మాత్రం ఇది ఎక్కువ. 58 నంబరు ఆకుపచ్చ అయితే అటు నీలాన్నీ ఇటు ఎరుపునీ రెంటినీ కోసేస్తుంది, సిద్ధాంతం ప్రకారం అన్నిటికంటే పదునైన బొమ్మ దీంతోనే రావాలి, చంద్రుడి మీద నిజంగానే వస్తుంది కూడా. కానీ మిగిలే వెలుగు 24 శాతం. శని మీద పెడితే బొమ్మ మసకబారి కన్ను కష్టపడుతుంది.

చేయకూడనిది కూడా చెప్పాలి. గురుడి మీది ఎర్రమచ్చ బాగా కనిపించడానికి 80ఏ నీలం ఫిల్టర్ పెట్టమని చాలామంది చెప్తారు. అద్దం టెలిస్కోప్‌లో అది సరైన సలహానే. ఆక్రోమాట్‌లో మాత్రం అది ఫోకస్ కాని నీలాన్నీ ఊదానీ లోపలికి రానిచ్చి, ఫోకస్ అయ్యే పచ్చ-పసుపుని కోస్తుంది. సరిగ్గా మనకి కావలసిన దానికి తలకిందులు. నేను మొదటి చలికాలంలో నెల రోజులు అలాగే చూసి, ఎర్రమచ్చ కనపడటం లేదని గాలిని తిట్టుకున్నాను.

ఇక ప్రత్యేకంగా ఈ పనికే చేసిన ఫిల్టర్లు. వీటిని మైనస్ వయొలెట్ అంటారు, రంగద్దిన గాజు కాదు, గాజు మీద పలచటి పూతలు వేసి కావలసిన చోట కాంతిని ఆపుతారు. హైదరాబాద్ నుంచి వచ్చిన మిత్రుడు ఒకాయన బాడర్ కంపెనీ ఫ్రింజ్ కిల్లర్ తెచ్చి వారం రోజులు నా దగ్గర వదిలి వెళ్లాడు. ఇది ఊదాని ఆపుతుంది గానీ నీలాన్ని మొత్తం చంపదు, అందుకే గ్రహం రంగు రాటెన్ 8 కంటే సహజంగా ఉంటుంది. అదే కంపెనీ కాంట్రాస్ట్ బూస్టర్ ఇంకాస్త గట్టిది, నీలాన్ని ఎక్కువ కోస్తుంది, పైగా నియోడైమియం గాజు కాబట్టి 580 నానోమీటర్ల చుట్టుపక్కల, అంటే సోడియం వీధిదీపాల పసుపు పడే చోట కూడా కొంత మింగేస్తుంది. సెమీ అపో అనేది ఈ నియోడైమియం గాజునీ ఫ్రింజ్ కిల్లర్ పూతనీ కలిపిన రకం. పేరు చూసి ఆశ పడొద్దు, ఏ ఫిల్టరూ ఆక్రోమాట్‌ని అపోక్రోమాట్ చేయదు. అపోక్రోమాట్ ఆ నీలాన్ని తెచ్చి సరైన చోట కలుపుతుంది, ఫిల్టర్ దాన్ని పారేస్తుంది.

ఆ వారమంతా ప్రతి రాత్రీ ఒకే ఐపీస్‌తో ఫ్రింజ్ కిల్లర్, రాటెన్ 8 మార్చి మార్చి చూశాను. నా తీర్పు ఇది: రంగు కోసం అయితే ఫ్రింజ్ కిల్లర్ మెరుగు, పదును కోసం అయితే రెండింటికీ తేడా నా కంటికి దొరకలేదు. ధరలో మాత్రం చాలా తేడా ఉంది. నేను ఎనిమిదో నంబరుతోనే ఉండిపోయాను.

మీ టెలిస్కోప్‌కి అసలు ఫిల్టర్ ఎంత అవసరమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఎఫ్ నిష్పత్తిని, అంగుళాల్లో లెన్స్ వెడల్పుతో భాగించండి. 3 లేదా ఆపైన వస్తే రంగు పెద్దగా ఇబ్బంది పెట్టదు, దీన్ని సిడ్జ్‌విక్ ప్రమాణం అంటారు. 5 దాటితే ఇంకా నయం, అది కాన్రాడీది. బడి పిల్లలకి కొనిపెట్టే 60 మిల్లీమీటర్ల ఎఫ్/15 టెలిస్కోప్‌కి 6 దాటుతుంది, దానికి ఏ ఫిల్టరూ అక్కర్లేదు, ఆ చిన్నదాంట్లో గురుడు ఎంత శుభ్రంగా ఉంటాడో చూసినవాళ్లకి తెలుసు. 102 మిల్లీమీటర్ల ఎఫ్/10కి 2.5. నాదానికి 1.8 కూడా రాదు. 120 మిల్లీమీటర్ల ఎఫ్/5 పొట్టి గొట్టాలకి 1 పైచిలుకు, అవి నక్షత్ర గుచ్ఛాలకీ పాలపుంతకీ అద్భుతం గానీ గ్రహాలకి కాదు, వాటికి లేత పసుపు కూడా సరిపోదు, 12 నంబరు దాకా వెళ్లాలి.

ఈ లెక్కని అమెరికాలోని యెర్క్స్ అబ్జర్వేటరీ టెలిస్కోప్‌కి వేసి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. 40 అంగుళాల లెన్స్, 19 మీటర్ల పైన పొడవు, 1897 నుంచి ఉంది, పరిశోధన కోసం వాడిన రిఫ్రాక్టర్లలో అన్నిటికంటే పెద్దది. అది ఎఫ్/19. సిడ్జ్‌విక్ ప్రమాణం ప్రకారం ఎఫ్/120 ఉండాలి! దాని రంగుల తేడా దాదాపు ఒక సెంటీమీటరు. మరి దాంతో ఫోటోలెలా తీశారంటే, అక్కడి ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ రిచీ 1900 ప్రాంతంలో ఫోటో పడే గాజు ప్లేటు ముందు పసుపు తెర పెట్టి, పసుపు-పచ్చని కూడా పట్టే ఐసోక్రోమాటిక్ ప్లేట్లు వాడి, చంద్రుణ్ణీ నక్షత్ర గుచ్ఛాల్నీ తీశాడు. నేను డాబా మీద డయాగనల్‌కి (వెలుగుని పక్కకి తిప్పి ఐపీస్‌లోకి పంపే ముక్కకి) తిప్పి బిగించే పసుపు గాజు అదే ఉపాయం. లిక్ అబ్జర్వేటరీలో 36 అంగుళాల రిఫ్రాక్టర్‌కి ఇంకో దారి పట్టారు, ఫోటోల కోసం ముందు మూడో లెన్స్ ఒకటి, 33 అంగుళాలది, విడిగా చేయించారు.

మన హైదరాబాద్‌లో దీనికి సరిగ్గా అవతలి కథ ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీకి కుక్ కంపెనీ చేసిన 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్ (ఆకాశాన్ని ఫోటో తీసే టెలిస్కోప్) ఉండేది, ఆకాశం మొత్తాన్ని ఫోటో తీసే అంతర్జాతీయ పథకంలో హైదరాబాద్‌కి వచ్చిన దక్షిణాకాశపు పట్టీని, మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా, దాంతోనే తీశారు. ఆ పథకం నాటి ప్లేట్లు నీలం, ఊదా మాత్రమే బాగా పట్టేవి. అందుకని అలాంటి ఫోటో లెన్స్‌లని నీలి-ఊదా కాంతి పదునుగా పడేలా అరగదీసేవారు, పసుపు ఎటు పోయినా ప్లేటుకి కనపడదు కాబట్టి ఫర్వాలేదు. అంటే లెన్స్ దగ్గర అన్ని రంగులకీ న్యాయం జరగదు, చూసేదానికి ఏ రంగు ముఖ్యమో ఎంచుకుని మిగతాదాన్ని వదిలేయాలి. వాళ్లకి వదిలే పని ప్లేటే చేసిపెట్టింది. నాకు ఫిల్టర్ చేస్తోంది.

ఫోన్‌తో ఫోటోలు తీసేవాళ్లకి ఒక మాట. కంటికి కాస్త కనిపించిన ఊదా, ఫోటోలో భయంకరంగా కనిపిస్తుంది, కెమెరా సెన్సర్‌కి ఆ రంగు మీద మన కంటికంటే చూపు ఎక్కువ. పసుపు ఫిల్టర్ పెట్టి తీసి, తర్వాత వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోండి. అది కూడా వద్దనుకుంటే తీసిన చంద్రుడి ఫోటోలో ఆకుపచ్చ ఛానల్ ఒక్కటే విడదీసి నలుపు-తెలుపుగా పెట్టుకోండి, ఖర్చు లేకుండా అదే పని అవుతుంది. గ్రహాల కెమెరా వాడేవాళ్లు, ముందు గాజు కిటికీలో అలాంటి ఫిల్టర్ లేకపోతే, అతినీలలోహితం, పరారుణం రెండూ ఆపే ఫిల్టర్ తప్పకుండా పెట్టాలి, అవి కంటికి కనిపించకపోయినా సెన్సర్‌కి కనిపిస్తాయి, ఎక్కడో దూరంగా ఫోకస్ అయి బొమ్మనంతా మెత్తబరుస్తాయి.

సూర్యుడి విషయంలో ఆక్రోమాట్‌కి ఏ లోటూ ఉండదు. లెన్స్ ముందు సరైన సోలార్ ఫిల్మ్ గట్టిగా బిగించి, వెనక 58 ఆకుపచ్చ పెట్టండి. అక్కడ వెలుగుకి కొదవ లేదు, కాబట్టి 24 శాతం ఇబ్బందే కాదు. 540 నానోమీటర్ల దగ్గర 10 నానోమీటర్ల సన్నటి పట్టీని మాత్రమే వదిలే సోలార్ కంటిన్యూయమ్ ఫిల్టర్ దొరికితే ఇంకా మంచిది, ఒకే రంగు మిగిలాక రంగుల తేడా అన్న మాటే లేదు, గాలి నిలకడగా ఉన్న పొద్దున సౌరమచ్చల చుట్టూ ఉన్న పోగులు కూడా కనిపిస్తాయి. ముందు ఫిల్మ్ లేకుండా ఈ రంగు ఫిల్టర్లు దేన్నైనా పెట్టి సూర్యుణ్ణి చూస్తే కన్ను పోతుంది. పిల్లలున్న ఇంట్లో పగలు టెలిస్కోప్ బయట పెడితే నేను పక్కనుంచి కదలను.

బిగించే చోటు గురించి. ఐపీస్‌కి బిగిస్తే ఐపీస్ మార్చిన ప్రతిసారీ చీకట్లో విప్పి బిగించాలి. డయాగనల్ ముక్కుకి బిగిస్తే ఏ ఐపీస్ వేసినా అది అక్కడే ఉంటుంది, ఫోకస్‌కి దూరంగా ఉంటుంది కాబట్టి దాని మీది దుమ్ము కూడా కనపడదు. కొన్ని చవక డయాగనల్స్‌కి లోపల మర ఉండదు, కొనేముందు చూసుకోండి. ఫిల్టర్ పెట్టాక మళ్లీ ఫోకస్ చేయాలి. 2 మిల్లీమీటర్ల గాజు కూడా ఫోకస్‌ని మిల్లీమీటరులో దాదాపు మూడింట రెండు వంతులు వెనక్కి జరుపుతుంది. ఫిల్టర్ పెట్టి అలాగే చూసి "దీంతో ఇంకా పాడైంది" అనుకుని తీసేసినవాళ్లని నేను చూశాను.

మసక వస్తువులకి ఫిల్టర్ తీసేయండి. ఓరియన్ నెబ్యులాకీ కృత్తికలకీ పసుపు పెట్టడం అంటే ఉన్న కాస్త వెలుగునీ పోగొట్టుకోవడమే, ఊదా అంచు కనిపించేది చంద్రుడు, శుక్రుడు, గురుడు, సిరియస్, అభిజిత్ లాంటి బాగా వెలిగేవాటికే.

ఇంకో ఉపాయం అట్టముక్క. 80 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం కోసి లెన్స్ ముందు పెట్టాను. టెలిస్కోప్ ఎఫ్/12.5 అయింది, లెక్క దాదాపు 4 వచ్చింది, రంగు దాదాపు మాయం. కానీ వెలుగు 44 శాతానికి పడిపోయింది, విడదీసే శక్తి సుమారు 0.97 ఆర్క్ సెకన్ల నుంచి 1.45కి దిగిపోయింది (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత మేలు). లేత పసుపు 17 శాతం వెలుగుతో ఊదాని తీసేస్తుంటే, అట్ట సగం పైన వెలుగునీ కొంత వివరాన్నీ పట్టుకుపోతోంది. గాలి బాగా అల్లాడే రాత్రులు అట్టతో బొమ్మ నిలకడగా ఉంటుంది, అప్పుడు మాత్రం వాడతాను.

2026 జనవరిలో గురుడు మిథునంలో, పునర్వసు జంట పక్కన ఉన్నాడు. మళ్లీ మా అమ్మాయిని పిలిచాను. ముందు ఫిల్టర్‌తో చూపించాను. పట్టీలో చిన్న వంపు ఒకటి ఉందని తనే చెప్పింది, నేను అది తర్వాత చూశాను. ఫిల్టర్ తీసి చూపిస్తే "వంకాయ రంగొచ్చింది, కానీ గురుడు తెల్లగా ఉన్నాడు" అంది, చందమామలు నాలుగూ ఇలాగే బాగున్నాయంది. అందుకని ఇప్పుడు తను చూసేటప్పుడు ఫిల్టర్ తీసేస్తాను. పట్టీలు బొమ్మ గీయాలన్నప్పుడు తనే అడిగి పెట్టించుకుంటుంది.